ఎకరా ముప్పై రెండు సెంట్ల తగాదా

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ సీజను ఆగస్టు ఆఖరున మొదలై జనవరిలో ముగుస్తుంది. విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులు అక్కడ ఉండే కాలమూ ఇంచుమించు అంతే. పిల్లలు ఆఫీసులకు పోతే కిటికీ దగ్గర కూర్చుని ఉడతల్ని చూసుకునే మాలాంటి వాళ్ల కోసమే దేవుడు ఈ ఆట పెట్టాడని నా నమ్మకం. 2024లో కొలంబస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండి, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టు సీజను మొదట్నుంచి చివరిదాకా టీవీలో చూసొచ్చాను.

మా అల్లుడు అక్కడే ఎమ్మెస్ చేశాడు. మామూలు రోజుల్లో గట్టిగా తుమ్మని మనిషి. శనివారం వచ్చిందంటే ఎర్ర చొక్కా తొడుక్కుని సోఫా అంచున కూర్చుంటాడు. గుమ్మంలో ఏ స్నేహితుడైనా "ఓ-హెచ్!" అని అరిస్తే లోపలివాళ్లు "ఐ-ఓ!" అని అరవాలి. అది అక్కడి మర్యాద. దసరా నాటికి మా ఆవిడ గారెలు తిప్పుతూనే వంటింట్లోంచి బదులిచ్చేసేది. ఆ విజయదశమి సాయంత్రమే మనవాళ్లు ఓరెగాన్ చేతిలో 32-31తో, ఒక్క పాయింటు తేడాతో ఓడారు. ఆ రాత్రి గారెలు మేమిద్దరమే తిన్నాం.

నేను రిటైరైన మండల సర్వేయర్ని. ఆట తలకెక్కకపోయినా నాకు తెలిసిన సరుకొకటి అందులో కనబడింది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోయారా లేదా అని అనుమానం వస్తే, రెండు కర్రలకు కట్టిన పది గజాల గొలుసు తీసుకొచ్చి, లాగి పట్టి కొలుస్తారు. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఉద్యోగమంతా నేను చేసిందీ అదే. కాకపోతే నా కొలత చూడ్డానికి వచ్చేది మాట్లాడుకోవడం మానేసిన అన్నదమ్ములిద్దరూ, ఒక వీఆర్వో.

మైదానం రెండు చివర్లూ కలుపుకుని 360 అడుగుల పొడుగు, 160 అడుగుల వెడల్పు. మనసులోనే లెక్క కట్టాను. ఎకరా ముప్పై రెండు సెంట్లు.

"బాబూ, ఎకరన్నర కూడా లేని దానికి ఇంత గొడవా?" అన్నాను.

"మామయ్యగారూ, థర్డ్ డౌన్ నడుస్తోంది" అంటూ చేతులు జోడించాడు.

అసలు గొడవ నవంబరు ఆఖర్లో వచ్చింది. మిషిగన్‌తో ఆట ఉన్న వారం క్యాంపస్‌లో ఇంగ్లీషు 'ఎమ్' అక్షరం కనబడిన బోర్డులన్నిటి మీదా ఎర్ర టేపుతో ఇంటూ కొట్టేస్తారు. ఎందుకింత పగ అని అడిగాను. పొలం గట్టు తగాదాట! అప్పటిదాకా ఆరిపోతున్న కాఫీ పక్కన పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

1817లో హారిస్ అనే సర్వేయరు ఒహాయోకు అనుకూలంగా ఒక గీత గీశాడు. మరుసటేడు మిషిగన్ వాళ్ల కోసం ఫుల్టన్ అనే ఆయన ఇంకో గీత గీశాడు. ఎవరి సర్వేయరు వాళ్లకు! రెండు గీతల మధ్య టొలీడోతో సహా 468 చదరపు మైళ్లు చిక్కుకుంది. అంటే సుమారు మూడు లక్షల ఎకరాలు. 1835లో రెండు వైపులా సేనలు దిగాయి. తీరా గాయపడ్డది ఒకే ఒక్క డిప్యూటీ షెరీఫు, అదీ చిన్న చాకుపోటు. పొడిచినవాడి పేరు టూ. అతని అన్న పేరు వన్. సర్వే నంబరుకు సబ్‌డివిజన్లు వేసినట్టు కొడుకులకు పేర్లు పెట్టిన ఆ స్టిక్నీ దొర మా శాఖలో పుట్టాల్సినవాడు. చివరికి టొలీడో ఒహాయోకు దక్కింది. మిషిగన్‌కు బదులుగా ఉత్తరాన ఓ ద్వీపకల్పం ఇస్తే, బీడు అంటగట్టారని ఏడ్చారు. తర్వాత అందులో రాగి, ఇనుము పడ్డాయి. ఎవరు లాభపడ్డారో కాగితాల మీద తేలలేదు కాబట్టి 1897 నుంచి బంతితో తేల్చుకుంటున్నారు.

ఆ ఏడు మిషిగన్ అప్పటికే ఐదు ఆటలు ఓడి వచ్చింది. మనది దేశంలో రెండో ర్యాంకు, పైగా సొంత మైదానం. వరసగా మూడేళ్లు ఓడిన బాకీ కూడా తీరిపోతుందన్నారు. వాళ్ల బలమంతా మధ్యలో గోడ కట్టి నిలబడితే మనవాళ్లు బంతి పుచ్చుకుని మళ్లీ మళ్లీ ఆ మధ్యలోకే దూరారు. 13-10తో మిషిగన్ గెలిచింది. అంతటితో ఊరుకోక మైదానం నడిబొడ్డున జెండా పాతబోయారు. గుద్దులాట మొదలైంది, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు. టీవీ ముందున్న వాళ్లంతా నోళ్లు తెరిచారు గానీ నాకు వింత అనిపించలేదు. పక్కవాడొచ్చి మన చేలో హద్దురాయి పాతితే జరిగేది అదే. మా వైపు కారప్పొడి ఇంటి ఆడవాళ్లు తెస్తారు, అక్కడ పోలీసులు తెచ్చారు.

"నాన్నా, ఇవాళ ఆయన్ని పలకరించకు" అంది అమ్మాయి. కోచ్ ర్యాన్ డేని పంపించెయ్యాలని ఊళ్లో గోలగోల.

అయితే ప్లేఆఫ్‌కు నాలుగు జట్లకు బదులు పన్నెండింటిని పిలిచే పద్ధతి ఆ ఏడే వచ్చింది. ఆ పుణ్యాన మనకూ చోటు దొరికింది. అంతే, టెన్నెసీని 42-17తో, దసరా బాకీ ఉన్న ఓరెగాన్‌ను 41-21తో చిత్తు చేశారు. టెక్సాస్‌తో ఆటలో జాక్ సాయర్ అవతలివాడి చేతిలోంచి జారగొట్టిన బంతిని తానే అందుకుని 83 గజాలు పరిగెత్తాడు. మా పాత గుంటర్ గొలుసుతో కొలిస్తే నాలుగు గొలుసులకు కాస్త తక్కువ. జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డేమ్‌ను 34-23తో కొట్టి దేశానికే విజేతలయ్యారు.

అల్లుడి చెయ్యి పట్టుకుని అభినందించాను. "థాంక్స్ మామయ్యగారూ" అని, ఒక నిట్టూర్పు విడిచి, "కానీ మిషిగన్ మీద ఓడాం కదండీ" అన్నాడు.

మరుసటేడు కప్పు ఇండియానా ఎగరేసుకుపోయింది. మిషిగన్‌ను మాత్రం మనవాళ్లు వాళ్ల ఊళ్లోనే 27-9తో ఓడించారు. ఈ రెండేళ్లలో ఏది మంచి సీజనని అడిగితే మా అల్లుడు రెండోదే అంటాడు. అది పిచ్చి అని క్రీడా పండితులు అనుకోవచ్చు గానీ, పదెకరాలు కొన్నా కలగని సంతోషం మూరెడు గట్టు కలిసొస్తే కలగడం నేను నా సర్వీసంతా చూశాను.

ఈ ఆగస్టులో కొలంబస్ బయల్దేరే పెద్దలకు ఒకటే మనవి. ఆవకాయ సీసా మర్చిపోయినా ఫరవాలేదు, పసుపు అంచు నీలం చీర మాత్రం పెట్టెలో పెట్టకండి. అవి మిషిగన్ రంగులు.