బట్టల బండ ఆత్మకథ

నన్ను చూసినవాళ్ళు బట్టలుతికే బండ అంటారు. తప్పేం లేదు, చాలా ఏళ్ళుగా చేస్తున్నది ఆ పనే. పెనుకొండకు కాస్త ఎడంగా, చెనిక్కాయ చేలో, బోరు పక్కన కాలువ మీద బోర్లా పడి ఉండేదాన్ని. ముఖం నీళ్ళవైపు. ఆ ముఖం మీద ఒక మనిషి పేరుంది.

పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ సీమలో రాయికి కొదవా? గుట్టలోంచి చీల్చారు, చెక్కారు, ఎద్దులబండి మీద తెచ్చి సమాధి దగ్గర నిలబెట్టారు. తలమీద లింగం, అటూ ఇటూ సూర్యచంద్రులు, కింద నాలుగు వరుసల తెలుగు. నన్ను పెట్టించినవాడు కలిగినవాడేం కాదు. ధాత కరువులో తండ్రి పోతే, కరువు తీరి నాలుగు గింజలు చేతికొచ్చాక చేయించాడు. ధాత ఏడంటే 1876, ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. మరుసటేడు సర్కారు కరువు పనుల్లో మగమనిషి రోజుకూలిని పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించింది. ఆ ఇంట్లో తండ్రి వెనకే తల్లి, ఇద్దరు ఆడపిల్లలు కూడా పోయారు. వాళ్ళ పేర్లు నా మీద లేవు. అక్షరానికింత అని కూలి లెక్క కట్టేచోట ముందు ఎగిరిపోయేవి ఆడవాళ్ళ పేర్లే.

నా మంచిరోజులంటే పెద్దల అమావాస్యలే. సున్నం కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, కొత్త పంచె కప్పి, ముందు ఎడ పెట్టేవాళ్ళు. సంగటి, వడలు, ఓళిగలు, అబ్బకు ఇష్టమని ఒక చుట్ట. పిల్లల్ని ముందుకు తోసి మొక్కించేవాళ్ళు. 1890ల్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా రైలు పడింది. ఒక మనవడు ధర్మవరంలో పట్టుచీరల దుకాణానికి పోయాడు, ఇంకొకడు హిందూపురం బెల్లం మండీలో గుమాస్తా అయ్యాడు. వాళ్ళ పిల్లల పిల్లలు బెంగళూరు చేరారు. ఎడ ఇళ్ళల్లోనే, ఫోటోల ముందు పెట్టుకున్నారు. ఫోటోకు సున్నం కొట్టే పని ఉండదు కదా!

చివరికి చేను అమ్మారు. కొన్నవాడి మీద నాకు కోపం లేదు. అమ్మినవాళ్ళు నాలుగు హద్దులూ తిరిగి చూపించారు, నా దగ్గరికి వచ్చేసరికి మాట మార్చారు. సమాధి ఉందంటే ధర తగ్గుతుందని భయం. ట్రాక్టరుకు అడ్డమని గడ్డపారలతో పెకలించినప్పుడు కుడి అంచు పెచ్చు లేచిపోయింది. కొన్నాళ్ళు గట్టు మీద పడున్నాను. గేదెలు ఒళ్ళు రుద్దుకున్నాయి, కూలివాళ్ళు కొడవళ్ళు నూరుకున్నారు, ఆఖరికి కాలువ మీద బోర్లా వేసి బట్టలుతికారు. అవేవీ నొప్పి కాదు. నన్ను పెట్టించినవాడి వంశంలోవాడే ఒకడు పాత చేను చూసిపోదామని వచ్చి, నామీదే కూర్చుని, చెనిక్కాయలు ఒలుచుకు తిని, పొట్టు దులుపుకుని పోయాడు. అదీ నొప్పి.

దొరల రాళ్ళ భోగం వేరు. మద్రాసు గవర్నరు మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోతే గుత్తిలో పూడ్చారు, 1831లో అక్కణ్ణుంచి తీసి మద్రాసు కోటలోని చర్చిలో పెట్టారు. చచ్చాక కూడా బదిలీ! మద్రాసు రాజధానిలోని దొరల సమాధుల రాతల్ని కాటన్ అనే ఆయన ఏరి 1905లో పుస్తకం వేశాడు. వాళ్ళ చర్చి ఖనన రిజిస్టర్ల నకళ్ళు లండన్‌కు వెళ్ళేవి. మునిమనవలు అక్కడ పేజీ తిప్పి ఇక్కడికి దారి కనుక్కుంటారు. రైతు సమాధికి చేను హద్దే చిరునామా. అదీ చెరిపేస్తే ఎవరినడగాలి?

అలాంటిది, మొన్న ఒక పిల్ల వచ్చింది బెంగళూరు నుంచి, చేతిలో వంశవృక్షం కాగితంతో. పాపం, అనంతపురం పాత రికార్డులు వెతికిందట. 1882 దాకా అనంతపురం జిల్లానే లేదు, ఇదంతా బళ్ళారి జిల్లా అని తర్వాత తెలిసిందట.

"ఆడ ఏముంది పాపా, బట్టల బండ," అన్నాడు వెంట వచ్చిన చిన్నాయన.

"దాని కింద రాత ఉండాదన్నా," అంది చేనామె.

నలుగురు పట్టి తిప్పారు. పాచి గీకి, నీళ్ళు చల్లి, ఆ పిల్ల వేలితో ఒక్కో అక్షరం తడుముతూ చదివింది. బోర్లా పడుండటమే మేలైంది, ఎండావానా తగలక అక్షరాలు నిలిచాయి. "ధాత నామ సంవత్సర" అని చదవగానే చిన్నాయన, "అయితే ముప్పై ఆరే, మా నాయన పుట్టిన ఏడు," అని తేల్చేశాడు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది మరి. ఆ పిల్ల ఒప్పుకోలేదు. పై వరుసలో శాలివాహన శకం అంకెలున్నాయి, ఫోన్లో తెలుగు అంకెల పట్టీ తీసి పోల్చింది. ౧, ౭, ౯. నాలుగోది గడ్డపార తినేసింది. ధాత కాబట్టి అది ఎనిమిదే అయ్యుండాలి. 1798కి డెబ్బై ఎనిమిది కలిపితే 1876. చిన్నాయన నోరు మూతపడింది. ఆమె వెంటనే, "మరి అవ్వ పేరేది?" అంది. నేనేం చెప్పను?

తర్వాత బేరాలు. నన్ను తీసుకుపోతే కాలువకు కడప బండ తెప్పించి ఇవ్వాలన్నాడు చేను ఆసామి. సమాధి రాయి ఇంటికి తేకూడదంది ఫోన్లో ధర్మవరం పెద్దమ్మ. హిందూపురం వాళ్ళు ఖర్చు ఎవరిదన్నారు. పెద్దల అమావాస్యకు వచ్చి తేలుస్తామని కారెక్కారు. అప్పటిదాకా బోరు పక్కన వెల్లకిలా ఉన్నాను. చేనామెకు మాత్రం నేను ఇలాగే నచ్చాను. అక్షరాల గరుకుకు మురికి బాగా వదులుతోందట.