వన్స్ మోర్ మహాశయులు

గుంటూరు మిర్చి యార్డులో సరుకు నాణ్యం తేల్చడానికి ప్రయోగశాలలు అక్కర్లేదు. టిక్కీలోంచి గుప్పెడు కాయ లాగి, ఒకటి తుంచి, రంగు చూసి, ఇది తేజ, ఇది 334, ఇందులో తాలు ఇంత అని నిమిషంలో చెప్పేస్తారు. ఆ అలవాటు కచేరీకి వెళ్లినా ఊరుకోదు. గాయకుడు పల్లవి పూర్తి చేయకముందే మూడో వరుసలో ఒకాయన ధర కట్టేసి, పక్కాయనకు చెప్పేసి, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఉంటాడు. పాట వినడమన్నది ఆ తర్వాత తీరుబడిగా చేసే పని.

2025 ఫిబ్రవరి 15, శనివారం రాత్రి విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో ఎన్టీఆర్ ట్రస్టు వారి ‘యుఫోరియా’ సంగీత విభావరి జరిగింది. తలసీమియా బాధితుల కోసం తమన్ బృందం పాడింది. ముఖ్యమంత్రి చంద్రబాబు, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, బాలకృష్ణ ముగ్గురూ వచ్చారు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి కృష్ణ దాటి వెళ్లిన గుంటూరు వాళ్లకు వ్యాపారం చెడలేదు. తీర్పులన్నీ సోమవారం పొద్దున టీ బంకుల దగ్గరికి వాయిదా పడ్డాయి.

అక్కడ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

“సౌండు ఎట్టా ఉంది బాబాయ్?”

“గుండెకాయ ఎడం పక్క ఉంటదని మొట్టమొదటిసారి తెలిసిందిరా అబ్బాయ్.”

ఇది మెచ్చుకోలే. ఈ మైదానంలో బేస్ బాక్సు అదిరితే సంగీతం పండినట్టే. అసలు సమీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. బందరు రోడ్డు మీద బండి ఎక్కడ పెట్టాల్సి వచ్చింది, అక్కణ్ణుంచి ఎంత నడిచారు, గేటు దగ్గర పోలీసు ఏమన్నాడు, నీళ్ల సీసా ఎంతకమ్మాడు. పాసు మీద వెళ్లినవాడి సమీక్ష మరో రకం. వేదిక మీద ఎవరు పాడారో అతనికి సరిగా గుర్తుండదు గాని, సోఫాల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు ఎవరిని చూసి నవ్వారో, ఎవరు లేచి నిలబడలేదో పూసగుచ్చినట్టు చెబుతాడు. టిక్కెట్టు కొన్నవాడు వేదికను ఎల్‌ఈడీ తెరలోనే చూశాడు కాబట్టి తెర గురించి మాట్లాడతాడు. ఇవన్నీ కలిపితే ఒక కచేరీ సమీక్ష పూర్తయిపోతుంది. అందులో స్వరం ఒక్కటి కూడా ఉండదు.

ఆ గుంపులో ఒక పెద్దాయన తప్పకుండా ఉంటాడు. ఘంటసాల మనవడి కచేరీ అని ఎవరో చెబితే పట్టుపంచె కట్టుకుని వెళ్లొచ్చిన మనిషి. తమన్ తాతగారు ఘంటసాలవారే, అందులో అబద్ధం లేదు. అయితే ఆయన ఘంటసాల బలరామయ్య. 1948లో ‘బాలరాజు’ తీసిన నిర్మాత, దర్శకుడు. నెల్లూరు జిల్లా మనిషి. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావుది కృష్ణా జిల్లా. రెండు గంటలపాటు డ్రమ్ముల మధ్య కూర్చుని మాస్టారి పోలిక కోసం వెతికిన ఆ పెద్దాయన బయటికొచ్చి, “రక్తంలో ఉందయ్యా, కాకపోతే కాస్త గట్టిగా ఉంది” అన్నాడట. ఇంతకంటే ఉదారమైన సమీక్ష ఏ పత్రికలోనూ రాలేదు.

ఆ సీజన్లో మిర్చి ధర ఎంతగా జారిందంటే, అదే నెలలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. అయినా సోమవారం టీ బంకు దగ్గర ముందు తేలాల్సింది డ్రమ్ముల సంగతే. ధర ఎలాగూ తమ చేతిలో లేదు. కనీసం గాయకుడి ధరన్నా కట్టుకోనివ్వాలి కదా.

ఆ రాత్రి పవన్ కల్యాణ్ ట్రస్టుకు 50 లక్షల రూపాయలు ప్రకటించారు. టీవీల వాళ్లు దాన్ని వార్తగా చూశారు. నరసరావుపేట వైపు వాళ్లకు అందులో వార్తేమీ కనపడలేదు. వేదిక మీద చదివింపులు లేని కచేరీ వాళ్లకు తెలియదు. పల్లెలో పద్య నాటకం జరుగుతుంటే ద్రౌపది కన్నీళ్లు తుడుచుకునేలోపు హార్మోనియం ఆగుతుంది, మైకులో ఒక కంఠం ఖంగుమంటుంది. ఫలానా ఊరి ఫలానావారు ద్రౌపది పాత్రధారికి నూటపదహారు రూపాయలు. ద్రౌపది ఏడుపు ఆపి, దాత కూర్చున్న వైపు తిరిగి దణ్ణం పెట్టి, మళ్లీ అదే శ్రుతిలో ఏడుపు అందుకుంటుంది. సమీక్ష అక్కడికక్కడే, నగదు రూపంలో, దాత ఇంటిపేరుతో సహా అందినట్టు లెక్క.

నిజానికి ఈ నేల మీద రసికుడు కచేరీ అయ్యాక అభిప్రాయం చెప్పే రకం కాదు. అంతసేపు ఆగలేడు. కచేరీ మధ్యలోనే చెబుతాడు, చెప్పి దాన్ని ఆపుతాడు, ఆపి మళ్లీ మొదలుపెట్టిస్తాడు. వన్స్ మోర్ అన్న ఇంగ్లీషు కేక ఇంగ్లీషు రానివాళ్ల నోట ఇంత ధాటిగా మోగిన చోటు భూమ్మీద మరొకటి ఉండకపోవచ్చు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పద్యాలన్నీ జనానికి కంఠతా వచ్చు. కాబట్టి కథ ఏమవుతుందోనన్న బెంగ లేదు. కృష్ణుడు రాగాన్ని ఎంతసేపు లాగుతాడు, ఎక్కడ తెగుతాడు, ఇంతే. పద్యం నిమిషమైతే రాగం అయిదు నిమిషాలు. చివర హార్మోనియం ఆయన తల ఊపితే ఒక మార్కు, ఊపకపోతే కోత.

ఈ పోలికల రంధికి కంట్రాక్టు నాటకాలవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక కృష్ణుణ్ణి పెడితే జనం రాత్రంతా నిన్నటి ఊళ్లో చూసిన కృష్ణుడితో పోలుస్తూ కూర్చుంటారు. అదేదో ఒకే వేదిక మీద తేల్చేద్దామని పాంప్లెట్టులోనే అచ్చు వేశారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. పడక సీనులో నిద్ర లేచిన కృష్ణుడు రాయబారానికి బయల్దేరేసరికి జానెడు పొడుగు సాగి, పదేళ్లు వయసు తగ్గి ఉంటాడు. యుద్ధ సీను నాటికి బొజ్జతో వస్తాడు. గుడ్డి ధృతరాష్ట్రుడి సంగతి సరే, కళ్లున్న దుర్యోధనుడు కూడా ఏమీ అనడు. తెల్లారుజామున ఇళ్లకు పోయే దారిలో తేలాల్సిన తగవు పాండవులది కాదు, ముగ్గురు కృష్ణుల్లో ఎవరు కృష్ణుడన్నది. ఆ తగవుకు సంధి లేదు. రాయబారం నడిపే మనిషీ లేడు.

కాటిసీనుది మరీ చిత్రమైన కథ. సత్య హరిశ్చంద్రీయం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం, గుంటూరు జిల్లావాడే. శ్మశానం మీద పద్యాలు రాసింది వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా. ఆ పద్యాలు ఈ నాటకం కోసం రాసినవి కావు. కానీ పాడుకోవడానికి అంత బాగున్న పద్యాలను శ్మశానంలో తప్ప ఎక్కడ పాడాలని నటులు వాటిని హరిశ్చంద్రుడి నోట పెట్టారు. ఇప్పుడు అవి లేకపోతే జనం ఒప్పుకోరు. “పద్యాలు మింగేశాడు, డబ్బులు తీసుకోలా?” అని నిలదీస్తారు. నాటకకర్త రాయని పద్యాలు పాడలేదని నటుడి మీద నేరం మోపే న్యాయస్థానం ఇదొక్కటే. బతికుండగా జాషువాను కులం పేరుతో దూరం పెట్టిన అగ్రహారాల్లో కూడా అర్ధరాత్రి దాటాక ఆయన పద్యాలకు వన్స్ మోర్లు పడ్డాయి. ఆ కేక వేసినవాళ్లలో ఎంతమందికి ఆ పద్యాలు ఎవరివో తెలుసన్నది మాత్రం వేరే లెక్క.

వన్స్ మోర్ల బాధ అసలు పడేది లోహితాస్యుడు. పాము కరిచి చచ్చిపోయిన పిల్లవాడు. చంద్రమతి శోకం మూడోసారి వన్స్ మోర్ అయ్యేసరికి వాడి కాలి మీద దోమ వాలుతుంది. కాసేపు ఓర్చుకుంటాడు. తర్వాత బొటనవేలు కదులుతుంది. ముందు వరుస పిల్లలు కిసుక్కుమంటారు. చంద్రమతి పైట సర్దుకుంటున్నట్టు కాస్త పక్కకు జరిగి ఆ కాలిని చాటు చేస్తుంది, రాగం మాత్రం తెంచదు. నటనంటే అదీ. ఆ ముక్కకు వన్స్ మోర్ అన్నవాడు లేడు.

ఈ జనాన్ని గెలవడానికి ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ వేదిక మీద చీర కట్టి, తులాభారంలో సత్యభామ పాటను తానే రాసుకుని, ఒకే మాటను ఒక్కోసారి ఒక్కో భావంతో పాడేవారు. అంటే జనం అడగకముందే వన్స్ మోర్లన్నీ ఆయనే ఇచ్చేసుకున్నారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. సుద్దపల్లి రఘురామయ్యది ఇంకా గట్టి ఎత్తు. ఈల వేయడం ప్రేక్షకుడి జన్మహక్కు అనుకునే చోట, ఆయన పద్యం మధ్యలో వేలు నోట్లో పెట్టుకుని అదే రాగాన్ని ఈలలో పలికించారు. జనం చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని వేదిక మీదకు లాగేసుకుంటే ఇక వాళ్లేం చేస్తారు? ‘ఈలపాట’ను ఇంటిపేరు చేసి ఊరుకున్నారు.

పొన్నెకల్లు షేక్ నాజర్‌కు ఆ కష్టం లేదు. బుర్రకథలో సమీక్షకులు వేదిక మీదే ఉంటారు, అదీ గుమ్మెటలతో సహా. కథకుడికి అటొకరు, ఇటొకరు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు పల్నాటి బాలచంద్రుణ్ణి యుద్ధానికి పంపుతుంటే ఒకరు ఎందుకంటారు, ఒకరు ఈనాటి కరువుతో ముడిపెడతారు. కింద కూర్చున్నవాడు నోరు తెరిచేలోపు పైనుంచే మాట పడిపోతుంది. ప్రజానాట్యమండలి రోజుల్లో ఆ మాటలకు జనంకంటే ముందు ప్రభుత్వమే ఉలిక్కిపడింది. నాజర్‌కు పద్మశ్రీ ఇవ్వడానికి అదే ప్రభుత్వాలకు 1986 దాకా పట్టింది.

అడుగడుగునా తీర్పులు చెప్పే ఈ జనం నోరు విప్పని చోటు ఒకటుంది. ఒంగోలు దగ్గర కరవది. నాదస్వరం ఊదే ముస్లిం కుటుంబాల ఊరు. ఈ ప్రాంతంలో నాదస్వరం అంటే పెళ్లిలో సన్నాయి మేళం. గట్టిమేళం అన్నప్పుడు వాయించాలి, భోజనాలు లేచాయన్నప్పుడు ఆపాలి. కల్యాణి ఊదాడా, కాంభోజి ఊదాడా అన్నది వంకాయ కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నంత ముఖ్యం కూడా కాదు. ఆ ఊళ్లో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా కావేరి ఒడ్డున శ్రీరంగం చేరి స్థిరపడ్డారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. కబురు తెలిశాక ఇక్కడివాళ్లు గర్వంగా “మనోడే” అన్నారు. అరవదేశంలో ఎవరో తూచి చెప్పేదాకా ఇక్కడ కాటా ఖాళీగానే ఉంది.

ఇప్పటి పిల్లలకు వన్స్ మోర్ అక్కర్లేదు. చెయ్యెత్తి ఫోన్ పట్టుకుంటే చాలు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. ఇంటికెళ్లి చూసుకుంటే అందులో గాయని పెదవులు కదులుతుంటాయి, వినపడేది మాత్రం ఫోన్ పట్టుకున్నవాడి కేకే. దాన్నే స్టేటస్‌లో పెడతాడు. దానికి వంద మంది చప్పట్ల బొమ్మలు పంపుతారు. ఇది కూడా న్యాయమే. ఆ వీడియోలో బాగా పాడింది అతనే.

పట్నాల్లో పరిస్థితి ఇంతకంటే మెరుగని అనుకోనక్కర్లేదు. 2023 సెప్టెంబరు 10న చెన్నైలో రహమాన్ కచేరీకి టిక్కెట్లు కొన్నవాళ్లే లోపలికి పోలేక వెనుదిరిగారు, డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. మర్నాడు దేశమంతా ఆ కచేరీ గురించి మాట్లాడింది. ఆయన ఏ పాట బాగా పాడారన్న మాట మాత్రం ఎక్కడా రాలేదు.

ఇక శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల. ఊరికో విద్యుత్ ప్రభ, ఎనభై తొంభై అడుగుల ఎత్తు, జనరేటర్లు, ప్రభ ముందు వేదిక, తెల్లార్లూ పాటకచేరీ. చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లు ఏడాదంతా దాచుకున్న పంతం ఆ ఒక్క రాత్రి లైట్లయి వెలుగుతుంది. ఇక్కడ సమీక్షకు కొలమానాలు స్పష్టంగా ఉంటాయి. ఎన్ని అడుగులు, ఎన్ని బల్బులు, పక్క ఊరి ప్రభ దగ్గర పాట మన బాక్సుల మోతలో వినపడిందా లేదా. వినపడకపోతే మనం గెలిచాం. పక్క ఊరివాళ్లూ ఆ పనే చేస్తుంటారు కాబట్టి కొండ కింద మొత్తానికి ఎవరి పాటా ఎవరికీ వినపడదు. అన్ని ఊళ్లూ గెలుస్తాయి.

మర్నాడు మధ్యాహ్నం ఒక ఊరి కమిటీ లెక్కలకు కూర్చుంది. జనరేటరు, డీజిలు, క్రేను, లైటింగు, బాక్సులు. పాడిన అమ్మాయికి ఇవ్వాల్సిన మిగతా డబ్బు దగ్గర పెన్ను ఆగింది.

“పేరేం రాయమంటావ్ మావా?”

“ఆ టీవీ ఫేమ్ అమ్మాయిరా. భలే పాడింది.”

“పేరు?”

“ఫ్లెక్సీ మీద ఉంటది చూడు.”

ఒక కుర్రాడు లేచి వెళ్లి చూసొచ్చాడు. పైన ఎమ్మెల్యే, ఎంపీ, పక్కన మాజీ సర్పంచి, కింద పద్నాలుగు మంది దాతలు, మూలన కమిటీ కుర్రాళ్లు చలవ కళ్లద్దాలతో. అమ్మాయి పేరు అడుగున ఉంది గాని, ఫ్లెక్సీని గుంజకు కట్టడానికి ఆ భాగాన్ని మడిచి తాడు చుట్టేశారు.

“పోన్లే, ‘ఆర్కెస్ట్రా ఇతరములు’ అని రాయి” అన్నాడు మావ. “వచ్చే ఏడు కూడా ఆ అమ్మాయినే పిలవాలి.”