ఎవడో అమ్మిన హెడ్డు

సాలూరు ఘాటీ ఎక్కుతుండగా లారీ ఆగిపోయింది. రేడియేటర్ కింది గొట్టం చిరిగి నీళ్లన్నీ దారిపొడుగునా కారిపోయాయి. డ్రైవర్ కంగారులో, పొగలు కక్కుతున్న ఇంజన్లో చన్నీళ్లు పోసేశాడు. కాగిపోయిన పోత ఇనుముకి అంతకంటే గండం లేదు. కమ్మిన్స్ ఇంజను, ఆరు సిలిండర్లకీ కలిపి ఒకటే హెడ్డు. మూడో సిలిండర్ దగ్గర రెండు వాల్వుల మధ్య ఉండే సన్నటి గోడ నెర్రె విచ్చింది.

బండిని విజయవాడ ఆటోనగర్‌కి లాక్కొచ్చారు. మా లేత్ షాపు పక్క షెడ్డే మేస్త్రీది. హెడ్డు దించగానే ఆయన అలవాటు ప్రకారం, పక్క గోడ మీద బండి నంబరులోని చివరి నాలుగంకెలు పంచ్ కొట్టాడు. షెడ్డుకొచ్చిన ఏ హెడ్డుకైనా అదే పద్ధతి. ఒకరి సరుకు ఇంకొకరి బండికి ఎక్కకూడదని ఆయన పట్టుదల. పనికిరాదని తేలిన హెడ్డుకి ఇంకో పద్ధతి కూడా ఉంది. పెద్ద సమ్మెట తీసుకుని వాల్వుల మధ్య నాలుగు దెబ్బలు వేసి, మళ్లీ ఏ ఇంజనూ ఎక్కకుండా చేసేవాడు. ఓనరు వద్దంటే మాత్రం సమ్మెట కింద పెట్టేసేవాడు. సరుకు వాళ్లది మరి.

ఆ రోజూ అదే జరిగింది. “దాన్ని పగలగొట్టకు బాబాయ్. ముక్కలైతే కిలోల లెక్కన పోతుంది. నిండుగా ఉంటే రెండు వేలు ఎక్కువొస్తుంది” అన్నాడు ఓనరు. మేస్త్రీ ఏమీ అనలేదు.

ఆ ఓనరుకి ఒకే మోడల్ లారీలు రెండున్నాయి. కొత్త హెడ్డు ధర విని, సెకండ్‌హ్యాండ్ స్పేర్ల కొట్లన్నీ తిరిగి, ఇరవై రెండు వేలకి ఒకటి బేరమాడి ఆటోలో వేయించుకొచ్చాడు. “కంపెనీ బండిలోంచి తీసిన రన్నింగ్ హెడ్డట. సాయంత్రానికి బిగించెయ్ బాబాయ్, రేపు లోడుంది.”

వెండి రంగు వేసిన హెడ్డు తళతళలాడుతోంది. “రన్నింగ్‌లో తీసినదానికి ఇంత ముస్తాబెందుకు బాబూ?” అన్నాడు మేస్త్రీ.

హెడ్డు పరీక్ష చేస్తుంటే దగ్గరుండి చూడటం నాకిష్టం. కొత్త డబ్బా విప్పి తీసిన హెడ్డునైనా ఆయన ఇలాగే చూస్తాడు. పోత పోసినప్పటి ఇసుక నీళ్ల దారుల్లో మిగిలిపోవచ్చు, ఇనుములోనే బుడగ ఉండిపోవచ్చు. డబ్బా మీద సీలు చూసి బిగించేసే మెకానిక్‌లంటే నాకు ఒళ్లుమంట. ఏ అర్ధరాత్రో ఘాట్ రోడ్డు మీద నిలబడిపోయేది వాళ్లు కాదు, డ్రైవరూ క్లీనరూను.

మేస్త్రీ హెడ్డుని డీజిల్‌తో కడిగించి, బోర్లించి, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టాడు. నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూశాడు. ఎక్కడా దూరలేదు.

“చూశావా, అద్దంలా ఉంది!” అన్నాడు ఓనరు.

మేస్త్రీ వెర్నియర్ తీసి మందం కొలిచి నాకు చూపించాడు. ముఖాన్ని హద్దు దాటి కోసేశారు. డీజిల్ ఇంజన్లో పిస్టన్ పైకొచ్చేసరికి దానికీ వాల్వులకీ మధ్య మిగిలే సందు బొత్తిగా తక్కువ. ముఖం కోసిన కొద్దీ వాల్వులు పిస్టన్ మీదికి దిగుతాయి, ఇంజెక్టర్ మూతి కూడా కిందికి జరుగుతుంది. అందుకే ఎంత కోశారో హెడ్డు మీద అంకె కొట్టాలి. నా మటుకు నేను ఆ అంకె కొట్టందే హెడ్డు చేతికివ్వను. దీని మీద అలాంటిదేమీ లేదు.

తర్వాత కిరసనాయిలు. వాల్వుల చుట్టూ బ్రష్షుతో పూసి, పావుగంట నాననిచ్చి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. ముగ్గురం వంగి చూస్తున్నాం. కాసేపు ఏమీ లేదు. అయిదో సిలిండర్ దగ్గర, రెండు వాల్వుల మధ్య, తెల్లటి సుద్ద మీద చిన్న తడి చుక్క. చుక్క సాగి గీతయింది. గీత వంకరపోయి ఇంజెక్టర్ రంధ్రం దాకా పాకింది. మేస్త్రీ అక్కడ ఆకురాయి పెట్టి రుద్దితే, ఇనుము కోసుకోకుండా ఆకురాయి జారిపోయింది.

“వెల్డింగు” అన్నాడు. పోత ఇనుముని సరిగా కాచకుండా అతికితే అతుకు అంచున పెళుసెక్కి, అక్కడే మళ్లీ చిట్లుతుంది.

ఓనరు ఒప్పుకోలేదు. “వెంట్రుకవాసి గీతకే ఇంత రాద్ధాంతమా?”

“నా మాటొద్దు, నీ మాటొద్దు. నీళ్లనే అడుగుదాం.”

నీళ్ల రంధ్రాలన్నింటికీ రబ్బరు షీట్లూ ఇనప ప్లేట్లూ బిగించాడు. చైన్ బ్లాకుతో హెడ్డుని తొట్టిలోకి దించి, లోపలికి 35 పౌండ్ల గాలి ఎక్కించాడు. ఒక్క బుడగ రాలేదు. ఓనరు ముఖం వెలిగింది. అప్పుడు మేస్త్రీ తొట్టి కింద పొయ్యి వెలిగించాడు. ఇనుము వేడెక్కి సాగితేగాని కొన్ని పగుళ్లు నోరు తెరవవు. చల్లగా పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఎగ్గొట్టేది ఈ మెట్టునే.

నీళ్లు 80 డిగ్రీలకి చేరేసరికి అయిదో సిలిండర్ దగ్గర బుడగలు మొదలయ్యాయి. ముందు ఒకటీ అరా, తర్వాత ఆగకుండా.

“ఇందులోంచి సిలిండర్లోకి నీళ్లు దిగుతాయి బాబూ” అన్నాడు మేస్త్రీ. “గాలిని 17 రెట్లు నొక్కే ఇంజనిది. నీళ్లు నొక్కితే అణగవు. బండి రాత్రంతా ఆగి, పొద్దున్నే సెల్ఫ్ కొట్టావనుకో, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజన్ మొత్తం పోయినట్టే.”

ఓనరుకి అప్పుడెక్కింది. ఎక్కాక ఇక ఆగలేదు. “చచ్చిన హెడ్డని తెలిసి తెలిసీ బజార్లోకి తోలినవాడెవడో గానీ, వాడు మనిషేనా బాబాయ్? నా బండీ, నా డ్రైవరూ ఘాట్‌లో ఏమైపోయేవాళ్లు? నాలుగు డబ్బుల కోసం ఇంత పాపానికి ఒడిగట్టినవాడి ఇల్లు గుల్లైపోను!”

మేస్త్రీ హెడ్డుని పైకి లేపించి బల్ల మీద పెట్టించాడు. వేడినీళ్లకి వెండి రంగు పొక్కులు లేచింది. పక్క గోడ మీద ఒకచోట రంగు కింది పుట్టీ ఉబ్బి, అంచు ఊడి వేలాడుతోంది. స్క్రూడ్రైవర్ మొనతో పైకెత్తితే పెచ్చు మొత్తం ఊడొచ్చింది. కింద ఇనుములో ఏవో అంకెలు. మేస్త్రీ వాటిని చూసి, స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, చేతిలో ఉన్న కాటన్ వేస్టుని డ్రైవర్‌కి అందించాడు.

డ్రైవర్ తుడిచి, వేలు పెట్టి చదివాడు. “నాలుగు... ఒకటి... ఏడు... రెండు. అరె! ఇది మన ఇంకో బండి నంబరు కదా ఓనరుగారూ! కిందటేడు రెండు వేలు ఎక్కువొచ్చిందని మా అందరికీ బిర్యానీ పెట్టించారే, ఆ హెడ్డే!”