నరానికో దండం

ఓ విముక్తి చికిత్సా, నీకు దండం! రాజాంలో కూర్చుని ఇటలీ వైద్యాన్ని పొగడటమేమిటని అడక్కు. నువ్వు పుట్టింది ఫెరారా నగరంలోనే కావచ్చు, నీ మూలసూత్రం మాత్రం మాది. సెలైను ఎక్కించడానికి మా ఊళ్లో కాంపౌండరు వెతికేదీ నరమే, కాళ్లు తిమ్మిరెక్కితే విశాఖ కేజీహెచ్‌కి వెళ్లి చూపించుకునేదీ నరమే. రక్తం మోసే సిరకీ, కబురు మోసే నాడికీ ఒకే పేరు పెట్టి మేం ఎప్పుడో చేతులు దులుపుకున్నాం. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటే, నాడుల మీది మైలిన్ పొరను ఒంట్లోని రక్షణ వ్యవస్థే కొరుక్కుతినే జబ్బని డాక్టర్లు చదువుకున్నారు. కాదు, అది మెడలోని సిరల జబ్బని 2009లో నువ్వు ప్రకటించావు. మా ‘నరం’ యూనివర్సిటీ గడప ఎక్కినందుకు ఒళ్లు పులకరించింది.

నీ జన్మదాత పావోలో జంబోని, రక్తనాళాల సర్జన్. భార్యకు 1995లో ఈ జబ్బని తేలితే, కారణం కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆ ప్రేమను తప్పుపట్టే నోరు నాకు లేదు. మెడలోని జుగులార్ సిరలు, ఛాతీ వెనక అజైగస్ సిర ఇరుకైతే రక్తం వెనక్కి తన్ని, మెదడులో ఇనుము పేరుకుంటుందన్నాడు. 65 మంది రోగులనూ, 235 మంది ఇతరులనూ పరీక్షిస్తే లెక్క నూటికి నూరు కుదిరిందట! రోగుల్లో అందరికీ ఆ లోపం ఉంది, మిగతావారిలో ఒక్కరికీ లేదు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద తప్ప నూటికి నూరు ఎరగని మాకు ఇంతకంటే ఏం కావాలి?

నీ మందు ఎంత సులువు! గజ్జల్లోంచి సన్నని గొట్టం పంపి, ఇరుకైన చోట బెలూన్ ఊదడమే. పూడిక తీస్తే కాలవ పారినట్టు. చదువు రాని వాడికీ ఇట్టే అర్థమైంది. అర్థమైంది కాబట్టి నిజమే అనుకున్నారు జనం. 2009 నవంబరులో కెనడా టీవీ నీ మహిమను చాటగానే, సొంత దేశంలో నువ్వు దొరకని రోగులు పోలండ్, బల్గేరియా, కోస్టారికాలకు బయల్దేరారు. మన దేశానికీ వచ్చారు. నీ పేరు సార్థకం. దాచుకున్న వేల డాలర్ల నుంచి ఎంతమందికి విముక్తి కలిగించావో! కోస్టారికాలో నిన్ను ఆశ్రయించిన ఒక కెనడా రోగికి 2010లో ఏకంగా ఈ లోకం నుంచే కలిగించావు. మరణాలు, పక్షవాతం, గడ్డకట్టిన రక్తం, చోటు మారిన స్టెంట్లు అంటూ 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. గొప్పవాళ్లను చూస్తే సర్కారుకి అసూయ!

నీ సమదృష్టికి ఇంకో దండం. 2013లో కెనడా పరిశోధకులు సిరల్లోకి రంగుమందు పంపి చూశారు. ఇరుకైన సిరలు రోగుల్లో నూటికి 74 మందికి, వాళ్ల తోబుట్టువుల్లో 66 మందికి, ఏ బంధుత్వమూ లేని ఆరోగ్యవంతుల్లో 70 మందికి కనిపించాయి. అంటే ఊరంతటికీ ఉన్నదాన్నే రోగి ఒక్కడికి చూపించి డబ్బు అడిగే నేర్పు నీది. మనిషి లేచి కూర్చుంటే చాలు, మెడలోని జుగులార్ సిరలు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ లెక్కన, అరుగు మీద కూర్చుని కబుర్లాడే మేమంతా నీ భక్తులమే.

ఆఖరికి 104 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి నిజంగా బెలూన్ ఊది, ఇంకో గుంపుకి ఊదినట్టు నటించి చూశారు కెనడావాళ్లు. ఫలితం 2017 మార్చిలో చెప్పారు: తేడా లేదు. అదే ఏడాది జంబోని కూడా 115 మందితో తాను చేసిన పరీక్ష ఫలితం బయటపెట్టి, ఈ చికిత్సను రోగులకు సిఫారసు చేయలేమని ఒప్పుకున్నాడు. ఈ ఒక్కచోట నా పొగడ్తలో ఎత్తిపొడుపు లేదు. తన బిడ్డ తప్పని తండ్రే చెప్పడానికి గుండె కావాలి. నిన్ను అమ్ముకున్నవాళ్లలో ఎంతమందికి ఆ గుండె ఉందో నీకే తెలియాలి.

1757లో మా రాజాం నుంచి తాండ్ర పాపారాయుడు చేరేసరికి బొబ్బిలి కోట బూడిదైపోయిందని చెప్పుకుంటాం. రుజువూ అంతే. ఎనిమిదేళ్లకు వచ్చింది, లెక్క తేల్చింది. ఈలోగా కాలినవి మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి చదువరీ, రేపు మరో విముక్తి నీ గుమ్మం ముందు నిలబడి ‘నరాల్లో దోషం ఉంది’ అంటే, డబ్బు తీసేముందు రెండు మాటలు అడుగు. ఏ నరం? ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూశారా?

జవాబు రాకపోతే ఓ దండం పెట్టి తలుపేసుకో.