ఆఖరి కచేరీ సాక్షి

బ్రూక్లిన్‌లో అతన్ని గుర్తుపట్టడం తేలిక. యాభై దాటిన వయసు, ఉతికి ఉతికి బూడిదరంగుకు తిరిగిన నల్ల టీషర్టు, అవసరానికి మించిన గొంతు. వినికిడి మందగించినవాళ్ళ గొంతు అలాగే ఉంటుంది, తప్పుపట్టకూడదు. ఇంటి అద్దెల సంగతి ఎత్తండి, మోకాళ్ళ నొప్పుల సంగతి ఎత్తండి, మూడో మాటకల్లా 1997లో తేలతాడు. ఆ ఏడు స్వాన్స్ అనే బ్యాండు చివరిసారిగా ఊరూరా తిరిగి వాయించింది. అతను అక్కడ ఉన్నాడు. మీరు లేరు. అతని ఆస్తిపాస్తులన్నీ కలిపి ఈ రెండు ముక్కలే.

స్వాన్స్ అంటే 1982లో న్యూయార్క్‌లో మైకేల్ జిరా మొదలెట్టిన బ్యాండు. పాటన్నాక పల్లవి ఉండి తీరాలని గానీ, భోజనాల వేళకి ముగియాలని గానీ ఎక్కడా రాసిలేదని నమ్మినవాడు జిరా. గిటారు మీద ఒక దెబ్బ, మళ్ళీ అదే దెబ్బ, ఆ తర్వాత ఇంకా గట్టిగా అదే దెబ్బ. తొలిరోజుల్లో ఆ మోతకి తట్టుకోలేక కొందరు వాంతులు చేసుకున్నారని చెప్పుకుంటారు. ఆ మాట చెప్పేటప్పుడు మనవాడి ముఖంలో వెలుగు చూడాలి. తనకి ఆ యోగం పట్టలేదని కాస్త వెలితి కూడా కనిపిస్తుంది. 1980ల మధ్యలో జార్బో వచ్చి చేరింది. ఆవిడ గొంతుతో, కీబోర్డుతో ఆ మోతకి కొంత ఊపిరి తిరిగింది. 1996లో ‘సౌండ్‌ట్రాక్స్ ఫర్ ది బ్లైండ్’ అని రెండు గంటలు దాటిన ఆల్బమ్ ఇచ్చి, ఆ మరుసటేడు ఆఖరి యాత్ర చేసి, జిరా దుకాణం కట్టేశాడు.

అంతవరకూ మనవాడికి బాగానే ఉంది. ఏడాదిపాటు ఎవరడిగినా కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఆడించి, “మాటల్లో చెప్పేది కాదు” అనేవాడు. అడగకపోయినా అనేవాడు. ఇంతలో 1998లో ‘స్వాన్స్ ఆర్ డెడ్’ వచ్చి పడింది. రెండు సీడీల లైవ్ ఆల్బమ్. తెల్ల సీడీ 1997 యాత్రది, నల్ల సీడీ 1995 నాటిది. లోకమంతా ఆహా అంది, మనవాడి కొంప మునిగింది. తను మాటల్లో చెప్పలేనిదాన్ని షాపులో పెట్టి అమ్ముతుంటే, ఏ ఊళ్ళోనో కూర్చున్న కుర్రాడు కొనుక్కుని మంచం మీద పడుకుని వినేస్తుంటే, ఇక సాక్షిని అడిగేదెవరు?

అక్కణ్ణించి అతను వాదం మార్చాడు. ఆ సీడీలో ఉన్నది తను చూసిన రాత్రి కాదట. తను చూసిన రాత్రి దీనికి పదింతలట. పైగా ఆ సంగీతం చెవితో వినేది కాదు, డొక్కలో తగలాలి, సీడీలో డొక్క ఎక్కడుంది అంటాడు. ఇది మాత్రం నిజమే. ఇన్ని తిట్టిన సీడీని రెండు కాపీలు కొన్నాడు. ఒకటి వినడానికి, ఇంకొకటి పైనున్న ప్లాస్టిక్ కాగితం చింపకుండా దాచుకోవడానికి.

మీరు పొరపాటున వాళ్ళింటికి వెళ్ళారనుకోండి, తెల్ల సీడీ తప్పదు. ‘ఫీల్ హ్యాపీనెస్’ పెడతాడు. పావుగంట పైమాటే. అంతసేపూ మీరు చిప్స్ నమలకూడదు, కరకరలాడతాయి. బీరు తాగొచ్చు గానీ సీసా బల్లమీద పెట్టకూడదు. అతను సోఫా అంచున ముందుకు వంగి, రిమోటు రెండు చేతులా పట్టుకుని కూర్చుంటాడు. పాట ముగిసి చప్పట్లు మొదలవగానే చటాలున వెనక్కి తిప్పుతాడు.

“విన్నారా? ఎడమవైపు. ఈల.”

“విన్నాను. ఎవరిది?”

“నాది.”

“మీరు చూసిన రాత్రి ఇందులో లేదన్నారుగా?”

“రాత్రి వేరే. ఈల నాదే.”

ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని అటుగా వెళ్తున్న వాళ్ళావిడ, ఆ రోజు నేనూ వచ్చాను, ఉక్కపోసి చచ్చాం అంటుంది. చెవుల్లో దూది పెట్టుకొచ్చినవాళ్ళు వచ్చినట్టు లెక్కలోకి రారని ఇతని తీర్పు. ఆవిడకి ఇప్పటికీ పక్కగదిలో ఫోను మోగితే వినపడుతుంది. అదే రుజువంటాడు.

అసలు గండం 2010లో వచ్చింది. జిరా స్వాన్స్‌ని మళ్ళీ మొదలెట్టాడు. ఇది పాత జ్ఞాపకాల జాతర కాదు సుమా అని ముందే హెచ్చరించాడు కూడా. ఎవరిని ఉద్దేశించి అన్నాడో గానీ మనవాడికే తగిలింది. పెద్దకర్మ అయిపోయి, ఫొటోకి దండ వేశాక, మనిషి గేటు తీసుకుని లోపలికొచ్చి కాఫీ అడిగినట్టయింది అతని పరిస్థితి. “జార్బో లేకుండా స్వాన్సేమిటి?” అని మూతి ముడిచాడు. ఆ మూతితోనే క్యూలో ముందు నిలబడ్డాడు. కొత్త ఆల్బమ్ ఖర్చులకని జిరా సంతకం పెట్టి అమ్మిన లైవ్ సీడీ కూడా కొన్నాడు, తిడుతూనే.

2012లో ‘ది సీయర్’, 2014లో ‘టు బి కైండ్’ వచ్చాయి. రెంటిలోనూ అరగంట దాటిన పాటలున్నాయి. పాతవాటికి ఏమాత్రం తీసిపోవని నా అభిప్రాయం, అతని ముందు అననులెండి. వాటితో కొత్త గడ్డాలవాళ్ళు గుంపులుగా వచ్చి చేరారు. వాళ్ళ లెక్కలో స్వాన్స్ పుట్టిందే 2010లో. ఆ జట్టుకీ జిరా 2017లో సెలవిచ్చాడు. ఆ యాత్రల నుంచీ ‘డెలిక్వెసెన్స్’ అని ఒక లైవ్ ఆల్బమ్ వచ్చింది. దాంతో “మాటల్లో చెప్పేది కాదు” అని తల ఆడించే కుర్రతరం తయారైంది. తల ఆడించే తీరు కూడా అదే. ఎవరు నేర్పారో తెలీదు. ఆ తర్వాత కొత్త మనుషులతో 2019లో ఒకటి, 2023లో ఒకటి ఆల్బమ్‌లు వచ్చాయి. 2025లో ‘బర్తింగ్’ ఇస్తూ, ఇంత భారీ మోతతో చేసేది ఇదే చివరిదన్నాడు జిరా.

చివరిదన్న మాట చెవిన పడ్డాక మనవాడు ఇంట్లో ఉంటాడా? క్యూలో తన వెనకే నిలబడ్డ గడ్డం కుర్రాడు మర్యాదగా పలకరించాడు.

“పదిహేడులో వీడ్కోలు కచేరీకి నేనున్నానండీ.”

“తొంభై ఏడులోనా!” అని కేకేసి, ఇతను అతని చేతులు రెండూ పట్టుకున్నాడు. “అప్పటికి మీ వయసెంత?”

“పందొమ్మిది.”

మనవాడు ఒకడుగు వెనక్కి వేసి, కుర్రాణ్ణి కిందనుంచి పైదాకా పరికించి చూశాడు.

“ఏం తింటారు మీరు?”