మామూలు మారింది, పెత్తనం మారలేదు

మా రోజుల్లో ఫారెస్టు గార్డు వస్తున్నాడంటే సీతంపేట కొండల్లో సవరోళ్ళు కోళ్ళను గంపల కింద దాచేసుకునేవారు. పోడు కొడితే కందులివ్వాలి, నాగలికి కర్ర తెచ్చుకుంటే కోడిపుంజునివ్వాలి, ఇంటికి వాసం నరికితే కేసు. రసీదు అడిగే ధైర్యం ఎవరికుంది? చేతిలో మిగిలిన చింతపండు సంతలో షావుకారు అప్పుకింద జమయ్యేది.

అయినా ఆ తరం తలొంచలేదు. గిరిజన సంఘం పెట్టుకుని, మామూళ్ళివ్వం, వెట్టి చెయ్యం అని నిలబడింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో సంఘం సభకు వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న ప్రాణాలు పోయాయి. శ్రీకాకుళం పోరాటం అక్కడే రాజుకుంది. ఆ వేడి తగిలాకే 1970లో గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం వచ్చింది.

ఇప్పటివాళ్ళకు అంతకన్నా పెద్ద ఆయుధం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఎవరి పోడు ఎంతో తేల్చే పని మొదలుపెట్టాల్సింది గ్రామసభ. అడ్డాకు, చీపురు, వెదురు మీద హక్కు కూడా అడవిబిడ్డలదే. మరి జరుగుతున్నదేమిటి? సభ జరక్కుండానే తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిప్పి వేలిముద్రలు వేయించుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆపై ఫైలు డివిజను కమిటీకి, జిల్లా కమిటీకి వెళ్తుంది. అక్కడ ఫారెస్టు అధికారీ సభ్యుడే. భూమి వదులుకోవాల్సిన శాఖే తీర్పు చెప్పేచోట కూర్చుంటే పేదోడికి న్యాయమెలా దక్కుతుంది? ఆనాడు కోడి అడిగితే ఊరంతటికీ తెలిసేది. ఈనాడు ఫైలు ఎందుకాగిందో చెప్పే నాథుడు లేడు.

ఆ ఫైలు కదపడానికి చెయ్యిచాచే ఒక లంచగొండిని ఏసీబీ పట్టుకుంటే నాకూ సంతోషమే. కానీ రేపు ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. ఒక్కడి సంతకం మీద ఊరి బతుకు ఆధారపడినంతకాలం లంచం చావదు. సంతకం చేసే అధికారం పదిమంది ముందుకు, ఊరి నడిబొడ్డుకు రావాలి.

చదువుకున్న కుర్రాళ్ళూ, మీకు చెప్తున్నాను. సభ పెట్టించండి. సగంమంది రాకపోతే, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు లేకపోతే అది సభ కాదని ఎదురుచెప్పండి. తీర్మానం నకలు ఊళ్ళోనే ఉంచండి. దరఖాస్తు కాదంటే కారణం కాగితం మీద రాసిమ్మనండి, 60 రోజుల్లో అప్పీలు చెయ్యండి. తుపాకులకు ఎదురెళ్ళినవాళ్ళ మనవలు మీరు. ఒక కాగితం అడగడానికి జంకకండి.