నాకేమైతది?

మీతో కాబట్టి చెబుతున్నాను. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగకపోతే లోపం ఆడమనిషిదే అని నమ్మే మగవాళ్లలో నేనూ ఒకణ్ని. బోధన్‌లో చక్రేశ్వరుడి గుడి చుట్టూ మా ఇంటామె చేతనే ప్రదక్షిణలు చేయించాను. బడాపహాడ్ దర్గా మెట్లు ఎక్కించాను. నిజామాబాద్‌లో స్కానింగులు, రక్తపరీక్షలు, ట్యూబుల పరీక్ష అన్నీ ఆమెకే. "నువ్వు గూడ ఒక్కసారి చూపించుకోరాదు?" అని ఆమె అడిగినప్పుడల్లా నాది ఒకటే జవాబు: "నాకేమైతది?"

అప్పటికే అయింది. చెరుకు ట్రాక్టరు దిగితే ఎడమ వృషణంలో లాగుతున్నట్టు బరువు. స్నానం చేస్తుంటే చేతికి తగిలే ఉబ్బిన నరాలు. అవన్నీ తెలిసే ఆమెను ఊళ్లు తిప్పాను. తెలియక చేశానంటే మీరు క్షమిస్తారు, కానీ అది అబద్ధమవుతుంది.

చివరికి ఒక డాక్టరమ్మ "ముందు మీ పరీక్ష, తర్వాతే ఆమెకు మందు" అని మొండికేసింది. వీర్యకణాలు తక్కువ. హైదరాబాద్ పంపితే వేరికోసీల్ అన్నారు. నూరుమంది మగవాళ్లలో పదిహేను మంది దాకా ఉంటుందట. ఎడమ వృషణం నుంచి పైకి వెళ్లే సిర కిడ్నీ సిరలో లంబకోణంలో కలుస్తుంది కాబట్టి ఎక్కువగా అటువైపే వస్తుంది. లోపలి కవాటాలు పాడైతే, షట్టరు చెడిన తూములో నీళ్లలాగా నెత్తురు వెనక్కి తన్ని నిలిచిపోతుంది. ఒంటికంటే రెండు డిగ్రీలు చల్లగా ఉండాల్సిన చోటు వేడెక్కి కణాలు దెబ్బతింటాయి.

అప్పుడైనా బుద్ధి రావాలి కదా! మైక్రోస్కోపుతో ఆపరేషన్ చేసే మంచి డాక్టరును కాదని, 3డీ తెర ఉన్న చోటే కావాలని పట్టుబట్టాను. మిషనే ఆపరేషన్ చేస్తుందనుకున్నాను. ఊళ్లో మాత్రం కిడ్నీలో రాయి అని చెప్పాను. అమ్మకు రాయి, బావమరిదికి రాయి, ఎరువుల దుకాణంలో రాయి, ఆ రాయి ఎంతుందని అడిగినవాడికి వేలు చూపించి మరీ కొలత చెప్పాను.

నడుముకు మత్తిచ్చారు, మెలకువగానే ఉన్నాను. గదిలో అందరికీ నల్లద్దాలు, ఎదురుగా పెద్ద తెర. డాక్టరు, సహాయకులు, నర్సులు, నేర్చుకునే పిల్లలు, అందరూ దాన్నే చూస్తున్నారు. ఇంటామెతో కూడా చెప్పుకోనిది అక్కడ అంతంత పెద్దదై వెలుగుతోంది!

3డీ కెమెరాలోని రెండు కటకాలు కాస్త తేడాతో రెండు బొమ్మలు తీస్తాయి, అద్దాలు ఏ కంటి బొమ్మ ఆ కంటికే అందిస్తాయి, లోతును కట్టేది మెదడు. ఈ కిటుకు వీట్‌స్టన్ అనే శాస్త్రవేత్త 1838లోనే చెప్పాడు. మిల్లీమీటరు మందమైనా లేని ధమనిని, లింఫ్ నాళాలను వదిలి, ఉబ్బిన సిరలనొక్కటే ఒక్కొక్కటిగా కట్టాలి. తెర ఉంటే డాక్టరు మెడ వంచి గంటలు కూర్చోనక్కర్లేదు, పక్కవాళ్లకూ అదే లోతు కనిపిస్తుంది. ఫలితం మాత్రం మైక్రోస్కోపుతో దాదాపు సమానమేనని, పని చేసేది చెయ్యేనని ఆయనే చెప్పారు.

కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలలకు మళ్లీ పరీక్ష. అది ఎలా వచ్చినా రానీ. అమ్మకు మాత్రం ఇంటామె ఎదుటే చెప్పేశాను, రాయి లేదని, లోపం నాదని. ఇన్నేళ్లూ అమ్మ ఆమెను అన్న ప్రతి మాటా నేను నోరు మూసుకోవడం వల్ల పడిందే.